బండి వేడి చూసే మీటరు: తిరువళ్ళూరు కారు, తిరుత్తణి ఎండ

మన ఇంటి చరిత్ర అంటూ ఇంతవరకు పొలాల గురించి, పెళ్ళిళ్ళ గురించి, అవ్వ వాళ్ళ వంటల గురించి రాసుకున్నాం. ఈసారి అరచేతిలో పట్టే ఒక మీటరు గురించి రాస్తున్నాం. పాత కారుకి కొత్తగా బిగించిన కూలెంట్ టెంపరేచర్ మీటరు అది. మెకానిక్కులు దాన్ని హీట్ మీటరు అంటారు. మేము చదివింది కన్నడ మీడియం కాబట్టి బడిలో నేర్చుకున్న మాట ఉష్ణమాపక. తెలుగులో ఉష్ణమాపకం, తమిళంలో వెప్పమాని. ఒకే సూదికి మన ఇంట్లో నాలుగు పేర్లు. ఇలాంటి ఇళ్ళు తమిళనాడు సరిహద్దులో చాలానే ఉన్నాయి కాబట్టి, చదివేవాళ్ళలో చాలామందికి ఇది తమ ఇంటి సంగతిలాగే అనిపిస్తుంది.

ముందు ఊరి సంగతి. తిరుత్తణి ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరుతో పాటు అటు వెళ్ళింది. సరిహద్దుల గొడవ చాలా ఏళ్ళు నడిచి, 1959లో పార్లమెంటు చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రంలో కలిపారు. అటునుంచి సత్యవేడు వైపు ఊర్లు ఆంధ్రకి వచ్చాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడి తిరుత్తణి అందులో భాగమైంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది ఈ తిరుత్తణిలోనే, తెలుగు ఇంట్లోనే. ఊరు కదల్లేదు, మనుషులు కదల్లేదు, రాష్ట్రం మాత్రం మారింది. అందుకే మన తాతల పాత కాగితాలు తెలుగులో, నాయన వాళ్ళ కాగితాలు తమిళంలో ఉంటాయి.

ఈ దారి కూడా పాతదే. మద్రాసు రాయపురం నుంచి తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా ఆర్కాటు వైపు రైలు 1856లోనే నడిచింది. రోడ్డు మద్రాసు నుంచి తిరువళ్ళూరు, కనకమ్మ సత్రం, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి పోతుంది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. అప్పటినుంచి ఈ దారిలో బండి నడిపేవాడికి రెండు పరీక్షలు. ఒకటి ఎండ, రెండోది కొండ. వేసవిలో తమిళనాట ఎక్కువ వేడి ఎక్కడని వార్తల్లో చెప్పేటప్పుడు వేలూరుతో పాటు తిరుత్తణి పేరు తరచుగా వినిపిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. ఆ ఎండలో కొండెక్కే బండికి రేడియేటర్ పొంగడం, పక్కన ఆపి నీళ్ళ డబ్బా తీయడం మన పెద్దవాళ్ళు బాగా ఎరిగిన దృశ్యాలు.

ఇక కారు సంగతి. తిరువళ్ళూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళకి ఒక ఫ్యాక్టరీ ఉండేది. 1970ల్లో అక్కడ మొదలైంది కార్లు కాదు, మట్టి తవ్వే, తోసే పెద్ద యంత్రాలు. ఆ యంత్రాల విభాగం 2001 నాటికి అమెరికా కంపెనీ క్యాటర్‌పిల్లర్ చేతికి పోయింది. దానికి కాస్త ముందే, 1998లో, జపాన్ మిత్సుబిషితో కలిసి తిరువళ్ళూరులో లాన్సర్ కారు తయారీ మొదలుపెట్టారు. అంబాసిడర్ చేసిన కంపెనీయే ఇది. కానీ అంబాసిడర్ బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారైంది, లాన్సర్ మాత్రం మన తిరువళ్ళూరు బిడ్డ. మద్రాసు చుట్టుపక్కల కార్లు తయారవడం అప్పటికి కొత్త కాదు. వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచే హెరాల్డ్ కారు చేశారు. అయినా మన ఊరి పక్కన, మన వాళ్ళ చేతుల్లో తయారైన కారు అంటే ఆ ముచ్చట వేరు.

మా చిన్నాయన ఆ లాన్సర్ లైన్లో ఫిట్టర్‌గా పనిచేశాడు. తర్వాత కొన్నేళ్ళకి సెకండ్ హ్యాండ్‌లో ఒక 2001 లాన్సర్, 1.5 లీటర్ల పెట్రోల్ బండి, కొన్నాడు. ఇంట్లో ఎన్ని బండ్లు మారినా అది మారలేదు. పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ కొత్త చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలనుంచి 5,000కి పెరిగింది. ఇంట్లో అందరూ అమ్మేద్దామనే వాళ్ళే. దానికి తోడు ఒక వేసవిలో బండి తిరుత్తణి దాటాక వేడెక్కి నిలబడిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. విప్పి చూస్తే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పొర. అంతకుముందు ఎక్కడో ఒక షాపులో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసి పంపారు. ఉప్పు నీళ్ళు గొట్టాల్లో పొలుసు కడితే వేడి బయటికి పోదు. రిపేరు బిల్లు చూసి ఇంట్లో మళ్ళీ అదే మాట, అమ్మేయండి అని.

అప్పుడే ఒక ప్రశ్న వచ్చింది. డాష్‌బోర్డులో టెంపరేచర్ సూది ఉంది కదా, అది ముందే ఎందుకు చెప్పలేదు? దీనికి జవాబు తెలియాలంటే ఈ మీటరు చరిత్రే చూడాలి.

తొలి రోజుల కార్లలో టెంపరేచర్ చూసే దారే లేదు. ఫోర్డ్ మోడల్ టి లాంటి బండ్లలో నీళ్ళు తోసే పంపు కూడా ఉండేది కాదు. వేడి నీళ్ళు పైకి పోతాయి, చల్లబడినవి కిందికి వస్తాయి, అంతే. పొగ కనబడితేనే వేడెక్కిందని తెలిసేది. 1912 ప్రాంతంలో అమెరికాలో బాయిస్ మోటోమీటర్ వచ్చింది. రేడియేటర్ మూత మీద నిలబెట్టిన గుండ్రటి థర్మామీటర్ అది. లోపల ఎర్రటి ద్రవం పైకి లేచేది. డ్రైవర్ సీట్లో కూర్చునే అద్దంలోంచి దాన్ని చూసుకునేవాడు. ఒక రకంగా చూస్తే, కంపెనీ ఇవ్వనిదాన్ని మనం కొని బిగించుకునే అలవాటు ఆ మోటోమీటర్‌తోనే ఊపందుకుంది. దానికో లోపం ఉండేది. అది చూసేది నీళ్ళ వేడిని కాదు, నీళ్ళ పైనున్న ఆవిరి వేడిని.

తర్వాత మీటరు బయటినుంచి డాష్‌బోర్డులోకి వచ్చింది. దీనికి సాయం చేసింది ఫ్రాన్స్ దేశపు యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంట్ తీసుకున్న వంకర గొట్టం. లోపల ఒత్తిడి పెరిగితే ఆ గొట్టం నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే సూదిని తిప్పుతుంది. ఇంజిన్లో ఒక చిన్న బల్బు, అందులో ఈథర్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవం, అక్కడనుంచి వెంట్రుకంత సన్నటి రాగి గొట్టం, చివర బూర్డాన్ గొట్టం. కరెంటు అక్కర్లేదు. ఆ సన్న గొట్టం విరిగినా, మడత పడినా మాత్రం మీటరు మొత్తం చచ్చినట్టే, అతుకు వేయడం కుదరదు. పాత ట్రాక్టర్లలో, జనరేటర్లలో ఈ రకం ఇప్పటికీ కనబడుతుంది.

మూడో తరం కరెంటు మీటరు. వేడెక్కితే కరెంటుకి దారి సులువుగా ఇచ్చే పదార్థాలున్నాయని ఫారడే 1833లోనే గమనించాడు. దాన్నే థర్మిస్టర్‌గా మార్చి, 1930 తర్వాత వాడకంలోకి తెచ్చారు. ఇంజిన్లో బిగించిన థర్మిస్టర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, మీటరు ఆ తేడాని సూదిగా చూపిస్తుంది. ఒక తీగ చాలు. గొట్టం విరిగే భయం లేదు.

అసలు మలుపు ఇక్కడే వచ్చింది. సూది కాస్త అటూ ఇటూ ఊగినా కస్టమర్లు సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తుతున్నారని చాలా కంపెనీలు సూదిని మెత్తబరిచాయి. ఇంజిన్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా సూది సరిగ్గా మధ్యలోనే నిలబడేలా చేశాయి. అది దాటితేనే ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈమధ్య బండ్లలో కొన్నింటికి సూది కూడా లేదు, చల్లగా ఉంటే నీలం దీపం, ప్రమాదం వస్తే ఎర్ర దీపం. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇది మాకు బాగా తెలిసిన జబ్బే. లోపల ఏం జరుగుతున్నా బయటికి పచ్చగా పాస్ అని చూపించే రిపోర్టు. పూర్తిగా ఫెయిల్ అయ్యాకే ఎరుపు.

అందుకే అంకెలు చూపించే మీటరు ఒకటి విడిగా పెట్టాలనుకున్నాం. చిన్నాయన ఒప్పుకోలేదు. "ఒరే పిల్లోళ్ళారా, ఆ డాష్‌బోర్డు మా చేతుల మీదుగా పోయింది. దానికి బొక్క పెడితే ఊరుకోను" అన్నాడు. బండి ఉండాలంటే మీటరు కావాలి, మీటరు కావాలంటే డాష్‌బోర్డు చెడిపోకూడదు. చివరికి ఆయనే దారి చెప్పాడు. స్టీరింగ్ కింద ప్యానెల్‌కి ఫ్యాక్టరీ పెట్టిన స్క్రూ ఒకటుంది, దానికే ఒక చిన్న బ్రాకెట్ తగిలించి మీటరుని కిందికి వేలాడదీద్దాం అన్నాడు. కొత్తగా ఒక్క బొక్క కూడా పెట్టలేదు. రేపు ఎవరైనా విప్పేస్తే బండి 2001లో ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. పాత వస్తువుకి చేసే పని ఏదైనా వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలన్నది ఆయన దగ్గర నేర్చుకున్నాం.

సామాను చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్నాం. బెంగళూరు వాళ్ళకి జె.సి. రోడ్డు ఎట్లానో అక్కడ అది అట్లా. కావలసినవి నాలుగే. మీటరు, దానికి సరిపోయే సెన్సార్, పై రేడియేటర్ హోసులో పెట్టే అల్యూమినియం అడాప్టర్, రెండు జతల క్లిప్పులు. ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మీటరు, సెన్సార్ ఒకే సెట్‌గా కొనాలి. ఒక కంపెనీ సెన్సార్ ఇంకో కంపెనీ మీటరుకి పెడితే నిరోధం లెక్క కలవక సూది అబద్ధం చెప్తుంది. రెండోది, హోసు లోపలి వ్యాసం కొలిచాకే అడాప్టర్ కొనాలి. 28 నుంచి 38 మిల్లీమీటర్ల దాకా రకరకాల సైజులు దొరుకుతాయి.

బిగించే ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టాం. గిన్నెలో నీళ్ళు పోసి, సెన్సార్ మొనని, ఒక మంచి థర్మామీటర్‌ని పక్కపక్కన ముంచి, స్టవ్ మీద మెల్లగా వేడి చేశాం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి మీటరుకి కరెంటు. 40, 60, 80 దగ్గర రెండూ ఏం చెప్తున్నాయో రాసుకున్నాం. తిరుత్తణిలో నీళ్ళు దాదాపు 100 దగ్గర మరుగుతాయి. ఇదే పరీక్ష బెంగళూరులో చేస్తే ఊరు ఎత్తులో ఉండడం వల్ల 97 దగ్గరే మరుగుతాయి, అది మీటరు తప్పు కాదు. మా మీటరు 80 దగ్గర రెండు డిగ్రీలు ఎక్కువ చూపింది. ఆ తేడా రాసిపెట్టుకుంటే చాలు.

తర్వాత పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా నిలబెట్టిన బండి మీద, పొద్దున్నే చేశాం. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి, అది ఎప్పుడూ చేయకూడదు. కింద పళ్ళెం పెట్టి కొంత కూలెంట్ దించి, పై హోసుని నిటారుగా ఉన్న చోట కోసి, అడాప్టర్ దూర్చి, రెండు పక్కలా క్లిప్పులు బిగించాం. సెన్సార్ మరలకి టెఫ్లాన్ టేపు ఒక చుట్టు మాత్రమే. ఒక తీగ ఉన్న సెన్సార్ ఎర్త్ తీసుకునేది ఆ మరల ద్వారానే కాబట్టి టేపు మందంగా చుడితే ఎర్త్ తెగుతుంది. అడాప్టర్ చూస్తే రెండు రబ్బరు ముక్కల మధ్య ఉంది, దానికి బాడీతో సంబంధం లేదు. అందుకని అడాప్టర్ నుంచి ఇంజిన్‌కి వేరే ఎర్త్ తీగ వేయాలి. ఎర్త్ సరిగా లేకపోతే నిరోధం కలిసి సూది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించే మీటరు, మీటరు లేకపోవడం కంటే ప్రమాదం.

సెన్సార్ తీగని ఇంజిన్ గోడలో ముందే ఉన్న రబ్బరు గ్రోమెట్ సందులోంచి లోపలికి తెచ్చాం. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, ఫ్యాన్ రెక్కలకి దూరంగా టైలతో కట్టాం. మీటరుకి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే తీగనుంచి, మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి. లోపలి దీపానికి పార్కింగ్ లైటు తీగ. హెడ్‌లైట్ వేసినప్పుడు సూది ఎగిరితే ఎర్త్ బాగాలేదని అర్థం. మాది ఎగరలేదు. చివరగా కూలెంట్ పోసి, మూత తీసే ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్ పూర్తిగా తిప్పి, హోసుని చేత్తో నొక్కుతూ గాలి బుడగలు పోయేదాకా నిలబడ్డాం. ఈసారి కూలెంట్‌లో కలిపింది డిస్టిల్డ్ వాటరే.

మీటరు పెట్టడం సగం పని, దాన్ని చదవడం మిగతా సగం. సెన్సార్ పై హోసులో ఉంది కాబట్టి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా సూది చల్లగానే ఉంటుంది. మామూలుగా 82 లేదా 88 దగ్గర థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, అప్పుడు సూది ఒక్కసారిగా లేస్తుంది. కొంతసేపు నడిచాక కూడా లేవకపోతే ఇంజిన్ చల్లగా ఉందని సంతోషపడకూడదు, థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయి లోపల ఉడుకుతుండవచ్చు. అలాగే కూలెంట్ కారిపోయి సెన్సార్ గాల్లో ఉంటే అప్పుడు కూడా తక్కువే చూపిస్తుంది. అందుకే ఫ్యాక్టరీ సూదిని తీయలేదు. రెండూ కలిపి చూడాలి. ఒక టెస్ట్ పాస్ అయినంత మాత్రాన బండి పాస్ అయినట్టు కాదు.

పొంగడం ఎప్పుడన్నది కూడా తెలుసుకోవాలి. మామూలు నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్ళు 118 దాకా మరగవు. సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. కాబట్టి 100 చూసి బెదిరిపోనక్కర్లేదు. కానీ అల్యూమినియం హెడ్, పోత ఇనుము బ్లాక్ వేడికి ఒకేలా సాగవు. అతిగా వేడెక్కితే హెడ్ వంగుతుంది, మధ్యలో గ్యాస్కెట్ పోతుంది. చూడాల్సింది ఒక అంకెని కాదు, రోజూ ఉండే అంకె మారిందా అన్నది.

మా బండి రోజువారీ అంకెలు ఒక నోటు పుస్తకంలో రాశాం. కనకమ్మ సత్రం దాకా హైవేలో 89. తిరువళ్ళూరు ఊర్లో నిలబడితే 96, ఫ్యాన్ తిరిగితే మళ్ళీ 90. ఏసీ వేసుకుని తిరుత్తణి కొండెక్కితే 99.

ఫలితం ఆడి కృత్తిక నాడు తెలిసింది. తిరుత్తణి అంతా కావళ్ళు, జనం. అమ్మ, అవ్వ వెనక సీట్లో. నడిచేవాళ్ళ వెనకాల బండి పాకుతోంది. మీటరు 96 దగ్గర ఆగలేదు. 99, 102, 104. ఫ్యాక్టరీ సూది మాత్రం నిబ్బరంగా మధ్యలోనే ఉంది. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, పక్కకి తీసి ఇంజిన్ ఆపాం. చల్లారాక చూస్తే ఫ్యాన్ మోటారు బ్రష్షులు అరిగిపోయాయి. మార్చడానికి ఆటో ఎలక్ట్రీషియన్ అన్న తీసుకున్నది 900 రూపాయలు. అంతకుముందు గ్యాస్కెట్ బిల్లుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అమ్మేద్దామన్న మాట ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి బండ్లు చాలా ఉన్నాయి. కొన్ని కృష్ణగిరిలో, కొన్ని కోలారులో, కొన్ని చెన్నై అపార్టుమెంట్ల కింద దుమ్ము పట్టి. అవి తయారైన ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి, అక్కడ పనిచేసినవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. బండి నడుస్తున్నంత కాలం ఆ పని కూడా బతికే ఉంటుంది. మీ ఇంట్లో అట్లాంటిది ఉంటే ముందు కూలెంట్ రంగు చూడండి, తర్వాత హోసులు నొక్కి చూడండి, వీలైతే ఒక మీటరు పెట్టించండి. ఏ స్క్రూకి ఏం తగిలించారో, ఏ రోజు ఏ అంకె వచ్చిందో ఒక పుస్తకంలో రాసి గ్లోవ్ బాక్స్‌లో పెట్టండి. ఏ భాషలో రాసినా పర్వాలేదు. మా పుస్తకంలో అంకెలు మావి, పక్కన తమిళంలో గుర్తులు మెకానిక్ అన్నవి, మార్జిన్లో తెలుగు చిన్నాయనది.